ఉద్దనపల్లి నుంచి చూస్తే: చదువు పట్టాలు, వాటిని ఒప్పుకొనేవారు

హోసూరు నుంచి రాయకోటకు పోయే దారిలో ఉద్దనపల్లి ఉంది. తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాకు చెందిన ఊరే అయినా, వీధిలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినబడతాయి. అక్కడి నుంచి ఒక పూట ప్రయాణంలో మూడు రాష్ట్రాల కాలేజీలను చేరవచ్చు. పదో తరగతి తరువాతి రెండేళ్ళ చదువును హోసూరులో ప్లస్ టూ అంటారు, అది ఉన్నత పాఠశాలలోనే జరుగుతుంది. కుప్పంలో అదే చదువు ఇంటర్మీడియట్, దాన్ని చెప్పేది జూనియర్ కాలేజి. ఆనేకల్లుకు పోతే అది పి.యు.సి. పిల్లలు చదివే లెక్కలు, భౌతికశాస్త్రం మూడుచోట్లా ఇంచుమించు ఒకటే. చేతికి వచ్చే కాగితాలు మాత్రం మూడు రకాలు, వాటిని ఇచ్చే బోర్డులు మూడు. ఒకచోటి కాగితాన్ని ఇంకొకచోట చూపినప్పుడు అడిగే అదనపు కాగితాలూ మూడు రకాలే.

ఆంధ్ర, తెలంగాణాలకు బయట చదువుకొంటున్న తెలుగు విద్యార్థుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాం. కమ్యూనిటీ కాలేజి పట్టాకు విలువ ఉందా, దానితో డిగ్రీకి పోవచ్చా, ప్రభుత్వోద్యోగం వస్తుందా అన్నవి మేము తరచు వినే ప్రశ్నలు. వీటికి ఒక్కమాటలో జవాబు లేదు. పట్టా విలువను దాన్ని ఇచ్చినవారి కంటె ఒప్పుకొనేవారు ఎక్కువగా నిర్ణయిస్తారన్నది మా అభిప్రాయం. ఈ సంగతి సరిహద్దు ఊళ్ళ చరిత్రలో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు కాబట్టి ఉద్దనపల్లినే మా చూపుకు కేంద్రంగా తీసుకొన్నాం.

హోసూరు దగ్గరి తొరపల్లిలో 1878లో పుట్టిన చక్రవర్తి రాజగోపాలాచారి చదువు సాగిన తీరు చూడండి. ఊరిబడి తరువాత హోసూరులో చదివారు. అటుపైన బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో 1894లో డిగ్రీ, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో 1897లో న్యాయశాస్త్రం పూర్తిచేశారు. హోసూరు బ్రిటిషువారి సేలం జిల్లాలోది, బెంగుళూరు మైసూరు సంస్థానంలోది. అయినా బెంగుళూరు కాలేజీ చదువు మద్రాసులో చెల్లుతుందా అన్న ప్రశ్నకు ఆనాడు తావులేదు. 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయానికే సెంట్రల్ కాలేజీ అనుబంధంగా ఉండేది. రాజ్యాలు రెండైనా పరీక్ష ఒకటే, పట్టా ఒకటే. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాక ఈ ప్రాంతపు చదువులకు ఒక్కొక్కటిగా గోడలు లేచాయి. విశ్వవిద్యాలయాలు పెరగడం మంచిదే. వాటితోపాటే ‘సమానత్వ పత్రం’ అనే కొత్త కాగితం కూడా పుట్టిందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఆ కాలపు ఇంకొక ఏర్పాటు ఈనాటి విద్యార్థికి ఆశ్చర్యం కలిగించవచ్చు. మద్రాసు రాజధానిలో 1911 నుంచి మెట్రిక్యులేషన్ స్థానంలో ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చింది. అది పేరుకు తగ్గట్టే బడి విడిచే పిల్లవాడికి ఇచ్చే పత్రం. తొలినాళ్ళలో అందులో ‘ఉత్తీర్ణుడు’, ‘అనుత్తీర్ణుడు’ అన్న తీర్పు ఉండేది కాదు. మార్కులు ఒక పుస్తకంలో నమోదై ఉండేవి. కాలేజీలో చేరడానికి అర్హులెవరన్నది విడిగా ప్రకటించేవారు. ‘ఎస్.ఎస్.ఎల్.సి. ఎలిజిబుల్’ అన్న పాత మాట అలా వచ్చిందే. అంటే చదివినట్టు చెప్పే కాగితం వేరు, ఆ చదువు దేనికి చాలునో చెప్పే నిర్ణయం వేరు అని మన పెద్దల కాలంలో బాహాటంగానే ఒప్పుకొన్నారు. తరువాతి రోజుల్లో ఈ రెండూ కలిసిపోయినట్టు కనిపించాయి గాని, నిజానికి కలవలేదు.

1956 నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు హోసూరు, కృష్ణగిరి మద్రాసు రాష్ట్రంలోనే మిగిలాయి. 1960 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన సరిహద్దు సవరణ వల్ల తిరుత్తణి ప్రాంతం మద్రాసుకు పోయింది, ఇటు కృష్ణగిరి తాలూకాలోని కొద్ది గ్రామాలు ఆంధ్రకు వచ్చాయి. ఉద్దనపల్లి ఉన్నచోటనే ఉంది. సేలం జిల్లా నుంచి 1965లో ధర్మపురి జిల్లాకు, అందులోనుంచి 2004లో కృష్ణగిరి జిల్లాకు మారింది. ఇవి రెవెన్యూ లెక్కలు. చదువుల లెక్క వేరే దారిలో నడిచింది. ఆంధ్రప్రదేశ్ 1969లో పి.యు.సి.ని తీసివేసి రెండేళ్ళ ఇంటర్మీడియట్‌ను తెచ్చింది. తమిళనాడులో 1978 దాకా పి.యు.సి. కాలేజీలోనే ఉండి, ఆ ఏటి నుంచి ప్లస్ టూ పేరుతో బడిలోకి దిగింది. కొఠారీ కమిషన్ 1966లో సూచించిన పది, రెండు, మూడు ఏళ్ళ నమూనాకు అందరూ చేరారు గాని, తలా ఒక దారిన, తలా ఒక ఏట చేరారు. ఆ సంధి సంవత్సరాలలో సరిహద్దు దాటి చదివినవారి పత్రాల మీద పడిన సీళ్ళు లెక్కపెట్టగలిగినవి కావు.

ఇంతలో హోసూరు స్వరూపం మారిపోయింది. 1970లలో సిప్కాట్ పారిశ్రామికవాడ మొదలయింది. 1980 ప్రాంతంలో అశోక్ లేలాండ్, టి.వి.ఎస్. కర్మాగారాలు, ఆ దశకం చివరి భాగంలో టైటాన్ గడియారాల కర్మాగారం వచ్చాయి. టైటాన్ తొలి రోజుల్లో చుట్టుపక్కల పల్లెల బడులలో చదివిన కుర్రవాళ్ళను తీసుకొని తానే పని నేర్పుకొంది. వారి చేతిలో ఉన్నది బడి పత్రమే, మిగతా చదువు కర్మాగారంలోనే జరిగింది. అటువంటి నియామకం తరువాతి కాలంలో అరుదైపోయింది. ఐ.టి.ఐ., డిప్లొమా అన్న మాటలు ఇంటింటి మాటలైనాయి. ఈమధ్య ఉద్దనపల్లి దగ్గరి నాగమంగలంలో సెల్‌ఫోను భాగాలు చేసే టాటా ఎలక్ట్రానిక్స్ కర్మాగారం వచ్చింది. అందులో పనిచేసేవారిలో యువతులు చాలామంది. 2023లో ఉద్దనపల్లి, అయ్యర్నపల్లి, నాగమంగలం పంచాయతీలలో సిప్కాట్ కోసం భూమి తీసుకోవడాన్ని రైతులు వ్యతిరేకించారు. భూమి పోతే పిల్లలకు మిగిలేది చదువు కాగితమే అయినప్పుడు ఆ కాగితం ఎక్కడ చెల్లుతుందన్నది చిన్న ప్రశ్న కాదు.

ఈ సందులోకి వచ్చిందే కమ్యూనిటీ కాలేజి. దాని మూలం అమెరికాలో ఉంది. ఇల్లినాయ్ రాష్ట్రంలో 1901లో ప్రారంభమైన జోలియట్ జూనియర్ కాలేజీని ఈ వరుసలో మొదటిదిగా చెబుతారు. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం స్థానిక ప్రజల అవసరాలకు పనికివచ్చే రెండేళ్ళ కాలేజీలు విరివిగా రావాలని సూచించడంతో ‘కమ్యూనిటీ కాలేజి’ అన్న పేరు స్థిరపడింది. ఇక్కడ మన విద్యార్థులు ఒక చిక్కు గమనించాలి. అమెరికాలో జూనియర్ కాలేజి అంటే పన్నెండో తరగతి తరువాతి రెండేళ్ళు. ఆంధ్రలో జూనియర్ కాలేజి అంటే పన్నెండుకు ముందటి రెండేళ్ళు. కుప్పం జూనియర్ కాలేజీలో చదివానని అమెరికా దరఖాస్తులో రాసేవాళ్ళు ఆ పేరు పక్కన ‘11, 12 తరగతులు’ అని వివరించకపోతే చదివేవారు తప్పుగా అర్థం చేసుకొనే అవకాశం ఉంది.

మన దేశంలో ఈ నమూనా మొదట దక్షిణాదిన నాటుకొంది. 1995లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఒకటి, 1996లో మద్రాసు మైలాపూరు క్రైస్తవ అగ్రపీఠం ఆధ్వర్యంలో మద్రాసు కమ్యూనిటీ కాలేజి వచ్చాయి. బడి మధ్యలో మానినవారిని, పేదలను, ముఖ్యంగా స్త్రీలను చేర్చుకొని కొద్దినెలల్లో జీవనోపాధి చదువు చెప్పడం వాటి ఉద్దేశం. తరువాత 2002 చట్టంతో ఏర్పడిన తమిళనాడు సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇటువంటి కాలేజీలకు గుర్తింపు ఇచ్చింది. 2009లో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశమంతటికీ ఒక పథకం పెట్టింది, అది కొద్ది ఏళ్ళకే నిలిచిపోయింది. 2013లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యు.జి.సి., తన సొంత పథకం తెచ్చింది.

తమిళంలో దీన్ని ‘సముదాయ కల్లూరి’ అంటారు. అయితే తమిళనాడు కార్యాలయాలలో ‘కమ్యూనిటీ’ అన్న ఇంగ్లీషు మాటకు ఇంకొక స్థిరార్థం ఉంది. కమ్యూనిటీ సర్టిఫికెట్ అంటే కులధ్రువీకరణ పత్రం. కమ్యూనిటీ కాలేజి అనగానే అది ఏ కులంవారిదని పల్లెలో పెద్దలు అడిగితే వారిని తప్పుపట్టలేం. తాలూకా ఆఫీసు నేర్పిన అర్థాన్నే వారు పట్టుకొన్నారు.

పేరు ఒకటే అయినా ఈ కాలేజీలన్నీ ఒక్క కోవలోవి కావు. చిక్కంతా ఇక్కడే. ‘డిప్లొమా’ అన్న మాటను తీసుకొందాం. పదో తరగతి తరువాత మూడేళ్ళు పాలిటెక్నిక్‌లో చదివితే సాంకేతిక విద్యాశాఖ ఇచ్చేది ఒక డిప్లొమా. దానితో ఇంజనీరింగు రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. యు.జి.సి. 2013 పథకంలో ప్లస్ టూ తరువాత ఒక ఏడాది చదివితే వచ్చేది ఇంకొక డిప్లొమా. బడి మానినవారికి స్వచ్ఛంద సంస్థలు నడిపే కాలేజి ఇచ్చేది మూడోది. మూడు కాగితాల మీదా అదే అక్షరాలు. ఉద్దనపల్లిలో పక్కపక్క ఇళ్ళ పిల్లలు ముగ్గురూ ‘డిప్లొమా చేశాను’ అని నిజమే చెప్పవచ్చు. వారిలో ఒకరికే ఇంజనీరింగు కాలేజి తలుపు తీస్తుంది.

యు.జి.సి. పథకం లోపలి లెక్క కొంత వివరంగా తెలుసుకోవాలి. అందులో ఆరు నెలలకు 30 క్రెడిట్లు. అంతటితో ఆపితే సర్టిఫికెట్. 60కి డిప్లొమా, 120కి అడ్వాన్స్‌డ్ డిప్లొమా, 180 దాకా పోతే బి.వొక్. అనే డిగ్రీ. ప్రతి ఆరు నెలల 30 క్రెడిట్లలో 18 పని నైపుణ్యానికి, 12 సాధారణ విద్యకు. తరగతి పాఠమైతే 14, 15 గంటలకు ఒక క్రెడిట్, ప్రయోగశాల పనికి దానికి రెట్టింపు గంటలు. ఏ మెట్టు మీద ఆగినా చేతిలో ఒక కాగితం ఉంటుందన్నది ఈ ఏర్పాటులోని మంచి. మధ్యలో పెళ్ళో, పంటో, అప్పో వచ్చి చదువు ఆగిపోయే కుటుంబాలకు ఇది పెద్ద ఊరట. పాత పద్ధతిలో డిగ్రీ రెండో ఏట మానితే మిగిలేది టి.సి. ఒక్కటే.

అయితే ఈ క్రెడిట్ అన్న కొలత బంగారం తూకంలాగా అంతటా ఒకటి కాదు. 2013 పథకంలో 60 క్రెడిట్లంటే ఒక ఏడాది చదువు. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రంలో విద్యార్థి శ్రమించే 30 గంటలు ఒక క్రెడిట్, ఏడాదికి 40. అక్కడ 60 అంటే ఏడాదిన్నర. అమెరికా కమ్యూనిటీ కాలేజీలో అసోసియేట్ డిగ్రీకి ఇంచుమించు 60 క్రెడిట్లు, అంటే రెండేళ్ళు. డిట్రాయిట్‌లోని తెలుగు విద్యార్థి, ఉద్దనపల్లి విద్యార్థిని తమ 60 క్రెడిట్లను ఉత్తరాలలో పోల్చుకొంటే ఒకరిది ఇంకొకరి చదువులో సగమని వారికి తెలియకపోవచ్చు. మార్కుల పత్రంతోపాటు పాఠ్యప్రణాళిక ప్రతిని, క్రెడిట్‌కు ఎన్ని గంటలో చెప్పే నిబంధనల పుస్తకాన్ని కాలేజి ముద్రతో తీసుకొని దాచుకోమని మేము చెప్పడానికి కారణం ఇదే. సమానత్వం తేల్చేవారు మొదట అడిగేవి అవే. కాలేజి మూతపడ్డాక, పథకం ఆగిపోయాక వాటిని సంపాదించడం చాలా కష్టం.

ఇక ఒప్పుకొనేవారి సంగతి. నాగమంగలం కర్మాగారం వంటిచోట యజమాని తన అవసరాన్ని బట్టి చూస్తాడు, కాగితం చిన్నదైనా పని తెలిస్తే సరిపోవచ్చు. డిగ్రీ కాలేజి తన విశ్వవిద్యాలయపు అర్హతల జాబితాను చూస్తుంది. ఈ ప్రాంతపు కాలేజీలు 1997 దాకా మద్రాసు విశ్వవిద్యాలయం కిందివి, ఆ ఏట సేలంలో పెరియార్ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని కిందివి. అన్నింటికంటె గట్టిగా పట్టిచూసేది ప్రభుత్వం. సార్వత్రిక విశ్వవిద్యాలయాలు ఒకప్పుడు బడిచదువు పూర్తికానివారిని కూడా నేరుగా పై చదువులకు చేర్చుకొనేవి. 2009లో అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో, మొదటి డిగ్రీ లేకుండా పొందిన ఎం.ఏ. చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడు ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం, పది, ప్లస్ టూ వరుసలో చదవకుండా సార్వత్రిక పద్ధతిలో సంపాదించిన డిగ్రీలు ప్రభుత్వోద్యోగానికి పనికిరావని ఉత్తర్వు ఇచ్చింది. చదివినవారు చదవలేదని ఎవరూ అనలేదు. మెట్లు ఎక్కిన వరుస తప్పన్నారు. మా దృష్టిలో ఇది బడి మానినవారి కోసమే పుట్టిన సంస్థల ఆశయానికి అడ్డంగా ఉన్న నియమం. అయినా అది నియమం. తెలియక నష్టపోవడం కంటె తెలిసి చదవడం మేలు.

ప్లస్ టూ మానివేసి కమ్యూనిటీ కాలేజి దారి పట్టదలచుకొన్న పిల్లలు ఈ ఒక్క అంశాన్ని మరీ మరీ ఆలోచించాలి. వీలైతే ప్లస్ టూను ప్రైవేటుగానైనా పూర్తిచేసి ఆ దారిన పోవాలి.

సరిహద్దు తెలుగువారికి దీని మీద ఇంకొక పొర ఉంది. తమిళ మాధ్యమంలో చదివినవారికి 2010 చట్టం ప్రకారం తమిళనాడు ప్రభుత్వోద్యోగాలలో 20 శాతం ప్రాధాన్యం ఉంది. 2020 సవరణతో బడి నుంచే తమిళ మాధ్యమం అయి ఉండాలన్నారు. తెలుగు బడిలో మొదలుపెట్టినవారికి ఆ వాటా లేదు. 2021 డిసెంబరు ఉత్తర్వు వల్ల రాష్ట్ర సర్వీసు కమిషన్ పరీక్షలలో తమిళ పత్రంలో 40 శాతం రాకపోతే మిగతా పత్రాలను లెక్కలోకి తీసుకోరు. పోనీ కుప్పం వెళ్ళి చదువుదామంటే, అక్కడ 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉంది. విద్యాసంస్థలలో 85 శాతం సీట్లు స్థానికులకు. స్థానికుడు కావడానికి చూసేది మాతృభాష కాదు, అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివారు, ఎక్కడ నివసించారు అన్నది. ఉద్దనపల్లి విద్యార్థి ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా తిరుపతిలో స్థానికేతరుడు. ఇటు భాష అడ్డు, అటు చిరునామా అడ్డు.

ఈ రెండింటి నడుమ ఒకప్పుడు దూరవిద్య సులువైన దారిగా కనిపించింది. ఇతర రాష్ట్రాల విశ్వవిద్యాలయాల అధ్యయన కేంద్రాల బోర్డులు సరిహద్దు పట్నాలలో చాలాకాలం వేలాడాయి. ఛత్తీస్‌గఢ్ ప్రైవేటు విశ్వవిద్యాలయాల కేసులో, అంటే ప్రొఫెసర్ యశ్‌పాల్ వేసిన వ్యాజ్యంలో, 2005లో సుప్రీంకోర్టు రాష్ట్ర చట్టంతో పుట్టిన విశ్వవిద్యాలయం తన రాష్ట్రం దాటి నడవకూడదని చెప్పింది. తరువాత యు.జి.సి. కూడా ఆ హద్దును గట్టిగా అమలుచేసింది. దూరవిద్య పట్టా ఉన్నవారు అది ఏ ఏటిది, ఆ ఏట ఆ విశ్వవిద్యాలయానికి ఆ కోర్సు నడిపే అనుమతి ఉందా అని చూసుకోవాలి. విశ్వవిద్యాలయం పేరు పెద్దదైనంత మాత్రాన చాలదు.

విదేశాల నుంచి తిరిగివచ్చేవారి దారి వేరు. అసోసియేట్ డిగ్రీకి మన దేశంలో సూటిగా సరితూగే డిగ్రీ లేదు. విదేశీ పట్టాల సమానత్వాన్ని ఎంతోకాలం భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నిర్ణయించేది. 2025 ఏప్రిల్‌లో యు.జి.సి. దీనికి ప్రత్యేకంగా నిబంధనలు ప్రకటించింది. దరఖాస్తు పెట్టేముందు ఆ నిబంధనలు చదవాలి.

చివరకు తెలుగు సంగతి. తమిళనాడు 2006లో తమిళాన్ని బడులలో తప్పనిసరి చేసే చట్టం తెచ్చింది. ఒకటో తరగతి నుంచి ఏడాదికొక తరగతి చొప్పున పాకి 2015–16కు పదో తరగతిని చేరింది. అంతకుముందు మొదటి భాగంలో తెలుగు రాసే పిల్లలు అక్కడ తమిళం రాయవలసి వచ్చింది. తెలుగు నాలుగో భాగంలో ఐచ్ఛిక విషయంగా మిగిలింది, దాని మార్కులు 500 మొత్తంలో కలవవు. భాషా అల్పసంఖ్యాకులు కోర్టుకు వెళ్ళారు. మద్రాసు హైకోర్టు కొన్ని సంవత్సరాలకు మినహాయింపులు ఇచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏటి పరీక్షకు మినహాయింపు పొడిగించింది. ఏటేటా వచ్చిన ఈ మినహాయింపుల మూలంగా ఒకే బడిలో వెనుకా ముందూ చదివిన అక్కాచెల్లెళ్ళ పత్రాలు వేరుగా ఉండవచ్చు. ఒకరిది మొదటి భాగంలో తెలుగు, ఇంకొకరిది తమిళం. తరువాత ప్రభుత్వం 2024–25 నుంచి నాలుగో భాగపు మాతృభాషలోనూ 35 మార్కులు రావాలని నిర్ణయించింది. పిల్లల మీద ఒక పరీక్ష బరువు పెరిగిందన్న మాట నిజమే. లెక్కలోకి రాని విషయానికి టీచరును వేయరు, పీరియడు ఇవ్వరు అన్నదీ అంతే నిజం. ఉద్దనపల్లి చుట్టుపక్కల బడులలో తెలుగు టీచరు పోస్టు ఖాళీ అయితే మళ్ళీ నింపుతారా లేదా అన్నది ఇక మీదట ఆ 35 మార్కుల గడి మీదనే ఎక్కువగా ఆధారపడుతుంది.